అరకు దారిలో వినబడిన చప్పుడు

ప్రయాణము చేసి వచ్చినవారు తాము చూచినవానిని గూర్చి వ్రాయుట పరిపాటి. నేనీ వ్యాసమున చూచినదానికంటె విన్నదానిని గూర్చియే యెక్కువగా వ్రాయవలసి వచ్చినది. కారణము చదువుచున్నకొలది సోదరీమణులకే తెలియగలదు.

2022 సంవత్సరము నవంబరు నెలాఖరున, మార్గశిరము ప్రవేశించిన నాలుగైదు దినములకు, మేము విశాఖపట్టణమునుండి అరకులోయకు బోయితిమి. మేమనగా మా యత్తగారు, నా భర్త, మా మఱది, ఎనిమిదేండ్ల మా అమ్మాయి, నేను. అరకునకు రైలున్నది, బస్సులున్నవి. అయినను మామగారి పాతజీపులోనే పోవలెనని మా యత్తగారి కోరిక. ఆ జీపు మా యింటికి వచ్చి ముప్పదియేండ్లు దాటినది. పెట్రోలుతో నడచు నాలుగు సిలిండర్ల బండి; అవసరమైనపుడు నాలుగు చక్రములకును ఇంజను బలము నందించుకొని రాళ్లలోను బురదలోను గూడ పోగలదు. మామగారు కాఫీతోటల లెక్కలు చూచు ఉద్యోగమున నుండిన దినములలో అనంతగిరి కొండలన్నియు దానిమీదనే తిరిగిరి. ఆయన గతించి ఆఱేండ్లయినది. బండి మాత్రము మా పెరటిలోని రేకుల పాకలో నిలిచియున్నది.

ఆ యేడు శ్రావణమాసమునుండి ఆ బండికొక చప్పుడు పట్టుకొన్నది. ఇంజను నడచుచున్నపుడు గోడగడియారము కొట్టుకొనునట్లు టిక్కు టిక్కుమని వినబడును. వేగము హెచ్చించినచో చప్పుడును త్వరపడును. మా వీధిచివర మరమ్మతులు చేయు నతనికి జూపగా, ఆతడు మూతయెత్తి రెండు నిమిషములు విని, "లోపల ఏదో అరిగిందండి. ఇంజను విప్పితేగాని చెప్పలేను. విప్పితే నలభై వేలకు తక్కువ కాదు. మెల్లగా నడిపితే కొన్నాళ్లు వస్తుంది" అని చెప్పెను. అంత ద్రవ్యము పోసి బాగుచేయుటకంటె ఇనుము తూకమున కమ్ముట మేలని మా మఱది యభిప్రాయము. నా భర్త యౌననలేదు, కాదనలేదు. కొనువాని నొకనిని మాత్రము మాటాడియుంచిరి. కావున ఈ ప్రయాణము బండికి వీడ్కోలు చెప్పుటకే యని మాలో మేమందఱము ఎఱుగుదుము. ఆ మాట పైకెవ్వరు ననలేదు.

మా యత్తగారికి యంత్రముల సంగతి తెలియదు. కాని ఆ బండి గొంతు తెలియును. పూర్వము మామగారు కొండలనుండి తిరిగివచ్చునపుడు, వీధిమలుపున బండి చప్పుడు వినబడగనే ఆమె కంచము కడిగి పీట వేసెడివారట. అది వేఱొకరి జీపై యుండి పీట వృథాగా వేసిన దినము ఒక్కటియు లేదని ఇప్పటికిని చెప్పుకొందురు. బయలుదేఱు నాటి వేకువజామున బండి కదలగనే ఆమె చెవియొగ్గి, "ఇది ఇనుము ఇనుమును కొట్టే చప్పుడు కాదురా నాన్నా. ఉడుకుతున్న గిన్నె మూతసందులోంచి ఆవిరి తప్పించుకున్నట్టుంది" అనిరి. నా భర్త నవ్వి యూరకుండిరి. నేనును ఆ మాటను పట్టించుకొనలేదు.

విశాఖనుండి అరకునకు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోటల మీదుగా దారి పోవును. పెందుర్తి దాటునప్పటికి చప్పుడు సన్నగిల్లి, కొత్తవలస చేరునప్పటికి ఇంచుమించు వినబడకుండ పోయెను. "చూడమ్మా, కుదిరిపోయింది" అని మా మఱది యనగా అత్తగారు, "కుదరలేదురా, దాగింది" అనిరి. శృంగవరపుకోటలో వేడి యిడ్డెనలు తిని, కాఫీలు త్రాగి మరల బయలుదేఱితిమి. ఆ యూరికి సమీపముననే గోస్తనీనదిమీద తాటిపూడి జలాశయమున్నది. విశాఖవాసులు త్రాగు నీటిలో కొంత అక్కడినుండియే వచ్చుచున్నది. ఆ గోస్తని అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱాగుహల సున్నపురాళ్ల నడుమ ప్రవహించి, తుదకు భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియును. మన కడవలోని నీటి పుట్టింటిని చూడబోవుచున్నామని అత్తగారు మా అమ్మాయికి చెప్పుచుండిరి.

శృంగవరపుకోట దాటిన కొంతదూరమునకు కొండదారి యారంభమగును. మలుపు వెంట మలుపు. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ. లోయకావల కొండకడుపులో నుండి రైలుమార్గము అచ్చటచ్చట తొంగిచూచును. బైలదిల్లా గనుల యినుపరాతిని విశాఖ రేవునకు జేర్చుటకై 1960వ దశకమున నిర్మించిన కొత్తవలస–కిరండూలు మార్గమది. దానిలో ఏబదికి మించిన సొరంగములు గలవు. టైడ దాటి పైకెక్కుచున్నకొలది గాలి చల్లబడెను. దారి కిరువైపుల సిల్వరు ఓకు వృక్షములు నిటారుగ నిలిచియుండును. వానిని మిరియపు తీగలు పెనవేసికొని యుండును. ఆ నీడలో కాఫీపొదలు. అది కాఫీపండ్లు పండు కాలము గనుక కొమ్మకొమ్మకును ఎఱ్ఱని గుత్తులు వ్రేలాడుచుండెను. కొండజాతుల స్త్రీలు వీపులకు బుట్టలు గట్టుకొని పండినదానిని మాత్రమే యేరి కోయుచుండిరి. ఈ ప్రాంతపు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఎక్కుడు మొదలైనది మొదలు చప్పుడు మరల వచ్చినది. ఇంజను బరువు లాగుచున్నపుడెల్ల అది గట్టిగా వినబడును. మలుపువద్ద నా భర్త పెట్రోలు తగ్గించినంతనే మెత్తబడును. అనంతగిరి సమీపించునప్పటికి పొగమంచు క్రమ్మెను. చలికి తాళలేక జీపు ప్రక్కలనున్న కేన్వాసు తెరలన్నియు దించి బిగించి కట్టితిమి. ముందు నా భర్త, అత్తగారు, వారి నడుమ గేరు రాడ్డు చెంత మా అమ్మాయి. వెనుక నేనును మఱదియు. మా వెనుకనున్న తెర ముడి యొకటి తెగియుండుటచే దాని సందునుండి చలిగాలి మా వీపులకు గొట్టుచుండెను. ఆ తెగిన ముడిని నేను తిట్టుకొంటిని. తరువాత దానికే నమస్కరింపవలసి వచ్చినది.

కొంతసేపటికి అమ్మాయి మాటలు తగ్గించినది. అంతవఱకు కాఫీగుత్తులను లెక్కపెట్టుచున్న పిల్ల, "అమ్మా, తల నొప్పిగా ఉంది" అని నాయనమ్మ భుజముమీద వాలినది. పిదప వాంతి వచ్చునట్లున్న దన్నది. కొండమలుపులకు పిల్లలకట్లగుట సహజమే. నిమ్మకాయ వాసన చూపితిమి. అల్లపుముక్క నోట బెట్టితిమి. కాసేపటికి పిల్ల కన్నులు మూతపడెను. "నిద్రపోయింది, మంచిదే" అని మఱది. అత్తగారు తమకును తలబరువుగ నున్నదనిరి. వేకువనే లేచుటచే నేమో యని తామే సమాధానము చెప్పుకొనిరి. అప్పుడు నా భర్త నొసలు రుద్దుకొనుచు, "నాకూ ఉదయంనుంచి లేని తలనొప్పి ఇప్పుడు పట్టుకుంది" అనిరి.

ఆ మాట వినగనే నా గుండె ఝల్లుమన్నది. మలుపులకు తలతిరుగుట కూర్చున్నవారికి వచ్చునుగాని బండి నడుపువానికి సామాన్యముగ రాదు. ముందున్న మువ్వురికిని తలనొప్పి. వెనుక చలిగాలి దెబ్బతినుచున్న మాయిద్దఱకును ఏమియు లేదు. ఉదయము అత్తగారు చెప్పిన మాట అప్పుడు నా మనసున మెదలినది. మూతసందునుండి ఆవిరి పోవుచున్నట్లున్నదనిరిగదా. ఇంజనులో ఆవిరి యెక్కడిది? కాలిన పెట్రోలు పొగయే దాని యావిరి. అది సైలెన్సరు గొట్టము చివరనుండి బండి వెనుకకు పోవలసినది. నడుమనే తప్పించుకొనుచున్నచో అది పోవుచున్న దెక్కడికి?

"బండి ఆపండి" అని కేకవేసితిని. నా కంఠమునకు నేనే యదరిపడితిని. గాలికొండవద్ద దారిప్రక్క నాపి, ఇంజను కట్టివేసి, తెరలన్నియు విప్పివేసితిమి. పిల్లను ఎత్తుకొని దిగితిని. లేపగా కన్నులు తెఱచినదిగాని, తెఱచిన కన్నులు వెంటనే వాలిపోవుచుండెను. నీళ్లు జల్లి, నడిపించి, మాటలాడించుచుంటిమి. గాలికొండ పేరునకు తగినట్లే గాలి నిండార వీచుచుండెను. ఇరువది నిమిషముల పిదప పిల్ల, "ఇక్కడ చలిగా ఉందమ్మా" అన్నది. చలి తెలిసినది గనుక ప్రాణము కుదుటబడినదని నాకు ధైర్యము వచ్చినది. ఆ చోటనుండి కనబడు కొండల వరుస మిక్కిలి రమణీయమని అందఱును చెప్పుదురు. నేను దానిని చూడలేదు. పిల్ల ముఖమునే చూచితిని.

తక్కిన దారి తెరలు కట్టక, అందఱమును కంబళ్లు కప్పుకొని, పిల్లను వెనుక నా యొడిలో కూర్చుండబెట్టుకొని, మెల్లమెల్లగా పోయి, నేరుగ అరకులోని వైద్యశాలకు జేరితిమి. డాక్టరుగారు సంగతి విని తలయూపిరి. పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడను విషవాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు కూర్చుండవలసిన చోటును రెండువందల రెట్లకు మించిన పట్టుతో ఆక్రమించుకొనును. అందుచే తలనొప్పి, వికారము, నిద్రమత్తు కలుగును. ఎక్కువైనచో తెలివి తప్పి, తుదకు ప్రాణమే పోవచ్చును. ఈనాడు చాల యిండ్లలో వ్రేలికి తగిలించి రక్తములోని ప్రాణవాయువును గొలుచు చిన్నయంత్రమున్నది గదా. మేమును దానిని వెంట దెచ్చితిమి. గాలికొండవద్ద పెట్టి చూడగా అంకె బాగుగనే యుండెను. అది చూచి మోసపోరాదని డాక్టరుగారు హెచ్చరించిరి. ఆ విషవాయువుతో గూడిన రక్తమునుగూడ అది మంచి రక్తముగనే చూపునట. పిల్లకు కొంతసేపు ప్రాణవాయువు పట్టి, పెద్దలనుగూడ పరీక్షించి, సాయంకాలమునకు పంపివేసిరి. ఆ రాత్రి అమ్మాయి రెండుమార్లు అన్నమడిగి తిన్నది.

మఱునాటి ప్రొద్దున ఊరివారు చెప్పగా రోడ్డుప్రక్కనున్న యొక ముసలి మేస్త్రీని పిలుచుకొని వచ్చితిమి. చిన్న రేకులపాక, నాలుగు పనిముట్లు, ఒక కుఱ్ఱవాడు. అదియే ఆయన కార్ఖానా. ఆయన వచ్చి మొదట చేసినపని నాకు మిక్కిలి నచ్చినది. బండిని ముట్టుకొనలేదు. "చప్పుడు మొదట విన్నదెవరు?" అని యడిగెను. మేము అత్తగారిని జూపితిమి. ఆయన ఆమె యెదుట గొంతుక్కూర్చుండి, "చెప్పండమ్మా, ఎప్పుడొస్తాది, ఎప్పుడు పోతాది?" అనెను. ఆమె చల్లని యింజనునకు హెచ్చనియు, వేడెక్కినచో దాగుననియు, ఎక్కుడులో మరల వచ్చుననియు, ఇనుపచప్పుడు కాదు, ఊపిరిచప్పుడనియు చెప్పిరి. "సగం పని మీరే చేసేరు" అనెను మేస్త్రీ.

ఆ పిమ్మట ఆయన చేసిన పరీక్షలను క్రమముగ వ్రాయుచున్నాను. మనమే మరమ్మతు చేయవలెనని గాదు. చేయువాడు సరిగా చేయుచున్నాడో లేదో తెలిసికొనుటకు. మొదట బండిని సమతలమున నిలిపి, ఆగియున్న యింజనులో నూనె కొలుచు కడ్డీని తీసి తుడిచి, మరల ముంచి చూచెను. నూనె తక్కువైనచో లోపలి భాగములకు తడి చాలక టిక్కు టిక్కుమని మ్రోగును. చౌకలో పోవు రోగమది. ముందు దానినే చూడవలెను. మా బండిలో నూనె గుర్తువఱకున్నది. తరువాత స్పార్కుప్లగ్గులు బిగువుగ నున్నవో లేదో చూచెను. ప్లగ్గు వదులైనను అట్టి చప్పుడే వచ్చునట. పంకారెక్క దేనికైన తగులుచున్నదా యని చూచెను. ఇవన్నియు సరిగనే యుండెను.

అప్పుడు ఇంజనును నడిపించెను. నాలుగు సిలిండర్ల యింజనులో ప్రతి సిలిండరును, ఇంజను రెండుచుట్లు తిరుగునప్పటికి ఒక్కమారు మాత్రమే పొగ విడుచును. పొగదారి తలుపులైన వాల్వులును అంతే. రెండు చుట్లకొక్కమారే తెఱచుకొనును. కావున వాల్వులనెత్తు టాపెట్లు వదులైనను, ఒక సిలిండరు పొగ కారుచున్నను తాళమొక్కటియే. తాళముబట్టి ఈ రెంటిని వేఱుచేయలేము. కాని టాపెట్టు చప్పుడు బండి యెక్కుడులో నున్నను దిగుడులో నున్నను ఇంచుమించు ఒకేవిధముగ నుండును. ఇంజను వేడెక్కినంతమాత్రమున అది మాయము కాదు. పొగసందైనచో, చల్లగ నున్నపుడు ఎడము పెద్దదిగ నుండి, ఇనుము వేడికి సాగినపుడు మూసికొనును. బరువు లాగునపుడు లోపలి యొత్తిడి హెచ్చి మరల తెఱచుకొనును. అత్తగారు చెప్పిన "దాగింది" అను మాటకు అర్థమిదియే.

మేస్త్రీ మూరెడు రబ్బరుగొట్టమును చెవికి జేర్చుకొని, రెండవ కొనను ఇంజనుమీద ఒక్కొకచోట చూపుచు వినెను. పైన వాల్వుల మూతవద్ద చప్పుడు సన్నము. ప్రక్కన, నాలుగు సిలిండర్ల పొగను ఒక్కచో గూర్చి సైలెన్సరులోనికి పంపు ఇనుపచేతుల వంటి మానిఫోల్డువద్ద హెచ్చు. అందును నాలుగవచేతివద్ద మిక్కిలి హెచ్చు. అది మా కాళ్లముందున్న గోడకు జేనెడు దూరమున నున్నది. నాలుగవ ప్లగ్గు తీగను ఆయన తొడుగుగల పట్టకారుతో నూడదీయగా, ఆ సిలిండరులో పెట్రోలు కాలుట నిలిచి, చప్పుడు మెత్తబడెను. మరల తగిలింపగా తిరిగివచ్చెను. "మొదటిదో రెండోదో తీస్తే తగ్గదు. నాలుగోది తీస్తే తగ్గింది. చోటు దొరికింది" అనెను. ఈ పరీక్ష తెలిసినవారే చేయదగినది. ఆ తీగలోని విద్యుత్తు గట్టిగా కొట్టును. తిరుగుచున్న పంకాకును బెల్టునకును చేరువగ నిలువవలసివచ్చినపుడు చీరకొంగు నడుమున బిగించి, జడ ముడివేసికొనవలెనని ఆయన నాకు రెండుమార్లు చెప్పెను.

ఇంక కంటికి కనబడు సాక్ష్యమొకటి కావలెను. మేస్త్రీ సబ్బునీళ్లు అడిగెను. మేము బసచేసిన యింటివారివద్ద ఆ నాటి తలంట్లకై కొట్టిన కుంకుడురసముండెను. అత్తగారు దానిని గిలకొట్టి నురుగుచేసి తెచ్చిరి. ఇంజనును పూర్తిగా చల్లారనిచ్చి, ఆ నురుగును మానిఫోల్డు అతుకులమీద కుంచెతో రాసి, ఒక్క క్షణము నడిపించిరి. మూడు అతుకులమీద నురుగు కదలలేదు. నాలుగవదానివద్ద బుడగలు టప్పుటప్పున లేచి పగులుచుండెను. అక్కడ గాస్కెట్టు అంచు కాలి, ఇనుముమీద నల్లని మసిచారలు పడియుండెను. దానిని బిగించియుంచవలసిన బోల్టు తల యెప్పుడో విఱిగిపోయినది. ముప్పదియేండ్ల వేడికిని చలికిని సాగి ముడుచుకొన్న యినుము. దానిలో ఎవరి తప్పును లేదు. గేరు రాడ్డు మొదట నుండవలసిన రబ్బరుతొడుగు చినిగి, రెండు వ్రేళ్లు దూరునంత సందు కనబడెను. పొగ ఆ దారినే లోనికి వచ్చినది. పట్టణములో తెరలు తెఱచి కొద్ది దూరములు తిరిగినన్నాళ్లు దాని జాడ తెలియలేదు. తెరలు బిగించి కొండ యెక్కునప్పటికి అది మా బిడ్డ యెదుటనే చేరినది.

గాస్కెట్టు విశాఖనుండి బస్సుమీద రావలసియుండుటచే రెండు దినములు మేము అరకులోనే నిలిచిపోయితిమి. అందుచే లోయను నెమ్మదిగ చూచు భాగ్యము కలిగినది. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి అది పాడేరు ముఖ్యస్థానముగ నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఆ ఋతువున లోయయంతయు వలిసెపూలు. పసుపు ఆరబోసినట్లు మెట్టమీదనుండి మెట్టమీదికి పచ్చదనము ప్రాకియుండును. ఆ గింజలనుండి నూనె తీయుదురు. దగ్గఱకు బోయినచో తేనెటీగల రొద వినబడును. మా అమ్మాయి చెవియొగ్గి, "ఇది మంచి చప్పుడేనా నాయనమ్మా?" అని యడిగినది. అందఱమును నవ్వితిమి.

పద్మాపురము తోటను గూడ చూచితిమి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికులకు కూరగాయలు పండించుటకై ఆ తోట నేర్పరచిరి. జీపును ఆ యుద్ధము కన్నబిడ్డయే. 1941లో అమెరికాలో సైన్యమునకై వేలకొలదిగ చేయనారంభించిన బండి, 1947 తరువాత బొంబాయిలో కూర్పబడి మన దేశపు కొండదారులకెక్కినది. యుద్ధమునకై పుట్టిన తోట పూలతోటగ మాఱినది. యుద్ధమునకై పుట్టిన బండి కాఫీబస్తాలు మోసినది. గిరిజనుల వస్తుప్రదర్శనశాలలో వారి వంటపాత్రలు, నగలు, వేటసామగ్రి, ధింసా నృత్యపు బొమ్మలు జూచితిమి. అత్తగారు మాత్రము ఒక పాతతోట గేటువద్ద చాలసేపు నిలిచిరి. అచ్చటనే మామగారి కచేరీ యుండెడిదట. లోనికి పోదమా యని యడుగగా, "వద్దమ్మాయీ, ఇక్కణ్ణించే బాగుంది" అనిరి.

మూడవదినమున పని ముగిసినది. విఱిగి లోపల నిలిచిన బోల్టుముక్కకు వెల్డింగుతో ఒక నట్టు నంటించి, మెల్లగా త్రిప్పి బయటికి దీసిరి. క్రొత్త గాస్కెట్టు వేసి, నాలుగు చేతులను సమముగ బిగించి, గేరు రాడ్డు మొదట క్రొత్త రబ్బరు తొడిగిరి. అంతయు గలిసి రెండువేల రూపాయలకు లోపే. నలుబదివేలు వేసి ఇంజను విప్పియుండినచో సగము ఇనుమును క్రొత్తగ మార్చియు, ఆ విఱిగిన బోల్టును మరల నట్లే బిగించియుందురేమో. నాలుగవనాటి ప్రొద్దున ఇంజను చల్లగ నున్నపుడు మరల కుంకుడునురుగు రాసి చూచితిమి. ఒక్క బుడగయు లేవలేదు.

సోదరీమణులారా, వంటింటిలో పోపు మాడుచున్నదో లేదో చప్పుడునుబట్టి యెఱుగని గృహిణి లేదు. పసిబిడ్డ యేడుపు ఆకలిదో నొప్పిదో తల్లి వినియే చెప్పును. ఆ చెవినే బండివద్ద మనము మూసికొనుచున్నాము; అది మగవారి వస్తువనుకొని. చప్పుడు వినబడినచో నాలుగు సంగతులు గుర్తుంచుకొని పనివానికి చెప్పుడు: ఎప్పుడు వచ్చును, ఎప్పుడు పోవును, ఏ ప్రక్కనుండి వచ్చును, ఏ చప్పుడును బోలియుండును. పాతబండిలో తెరలు మూసి పోవునపుడు ఒకరికి మించి తలనొప్పి, వికారము, నిద్రమత్తు కలిగినచో మలుపులమీద నెపము వేయక, వెంటనే బండి యాపి, ఇంజను కట్టి, అందఱు గాలిలోనికి దిగవలెను. ఎవరికైన తెలివి తప్పినను, మత్తు వదలకున్నను క్షణమాలసింపక వైద్యునికడకు తీసికొనిపోవలెను. మూసిన పాకలో ఇంజనును ఎన్నడును నడిపింపరాదు.

తిరుగుప్రయాణమున కొండ దిగుచున్నపుడు తెరలన్నియు తెఱచియే యుంచితిమి. బాగైనది గదా యని మఱది దించబోగా అత్తగారు ఒప్పుకొనలేదు. అనంతగిరి దాటిన పిదప ఆమె కన్నులు మూసికొని కొంతసేపు ఇంజను చప్పుడు వినిరి. నిద్రపోయిరనుకొంటిని. శృంగవరపుకోట సమీపించునప్పటికి కన్నులు దెఱచి కొడుకులిద్దఱను ఉద్దేశించి, "అమ్మాలనుకుంటే అమ్మండిరా, నేను అడ్డురాను. కాని జబ్బుబండి అని చెప్పి ఇనుము తూకానికి మాత్రం అమ్మకండి. దానికి జబ్బు లేదు" అనిరి.

ఇంటికి చేరిన మఱునాడు ఇనుము కొనువాడు త్రాసుతో వచ్చెను. మా మఱదియే గుమ్మములోనికి బోయి, బండి అమ్ముట లేదని చెప్పి పంపివేసెను.